మొదలుపెట్టినవాడి పేరు

ఆగకూడదు. ఈ వాన ఇంకో గంట ఇలాగే పడితే చాలు, గంట కాకపోతే ముప్పావుగంట, ఆ పైన గాజుగదిలో కూర్చున్న పెద్దమనుషులకి ఓపిక పోయి ఇక చాలు ఇళ్ళకి పొండి అనేస్తారు, నాలుగు వందల చుట్లలో మూడు వందల నలభై ఒకటి ఎలాగూ అయిపోయాయి, సగం దాటాక వాన వచ్చి రేసు ఆగిపోతే ఎవరు ముందున్నారో వాళ్ళే గెలిచినట్టు, ముందున్నది అరవై ఒకటో నంబరు, అది నా కారు. నేను మాత్రం దాంట్లో లేను. మా లారీ వెనక తలుపు పలక దించుకుని, పైన టార్పాలిన్ కట్టుకుని, దాని కింద కూర్చున్నాను, కుడికాలు ఐసు బకెట్టులో ఉంది. బకెట్టులో నా కాలితో పాటు నాలుగు కూల్‌డ్రింకు సీసాలు కూడా ఉన్నాయి, మావాళ్ళు వచ్చి సీసా తీసుకుని, నా కాలు చూసి, సీసా పేంటుకి తుడుచుకుని తాగుతున్నారు. ఎదురుగా టైర్లు మార్చుకోవడానికి ఆగే పిట్ దారిలో ముప్పై కార్లు ఒకదాని వెనక ఒకటి పరదాలు కప్పుకుని నిలబడ్డాయి. అన్నిటికన్నా ముందు మాది. పరదా మీద వాన చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది. ఇరవై రెండేళ్ళలో ఆ మొదటి చోటులో మా కారు ఆగి ఉండగా చూడటం ఇదే, నేను లోపల లేనప్పుడు చూడాల్సొచ్చింది.

తప్పు నాదే. పొద్దున బూటు మడమకి కట్టుకునే రేకుముక్క బెల్టు తెగింది. మాకు ఆ రేకు లేకపోతే కుదరదు, సైలెన్సర్ గొట్టం సరిగ్గా కాళ్ళ కిందనుంచే పోతుంది, ఆగస్టు ఎండలో గంట తిరిగేసరికి నేల పెనంలా కాలుతుంది. ఇంకో బెల్టు కోసం లారీలో వెతకాలి, అప్పటికే పాస్టరుగారు మైకులో ప్రార్థన మొదలుపెట్టాడు, టోపీ తీసి తల వంచి నిలబడ్డాను, ప్రార్థనలో సగంసేపు బెల్టు గురించే ఆలోచించాను, దేవుడు క్షమించాలి, తర్వాత అనుకున్నాను కదా, ఇన్నేళ్ళు చేశాం, ఒక పూట రేకు లేకపోతే ఏమవుతుందిలే అని. ఏమైందంటే నూటపాతిక చుట్లకి మడమ మీద కోడిగుడ్డంత బొబ్బ లేచింది, నూటయాభైకి అది పగిలింది, ఆ తర్వాత యాక్సిలరేటర్ మీద కాలు పెడితే కళ్ళముందు తెల్లగా అయిపోతోంది. అందరూ మెల్లగా పోవాలనే పసుపుజెండా పడగానే పిట్‌లోకి తెచ్చాను. అక్కడ రాయిస్ టాడ్లాక్ నిలబడి ఉన్నాడు, హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తింటూ. వాడి ఇంజను ముప్పయ్యో చుట్టులోనే పేలిపోయింది. మాలో ఒక పద్ధతుంది, కారు పోయినవాడు ఇంటికి పోడు, హెల్మెట్ పట్టుకుని గోడ దగ్గర నిలబడతాడు, ఎవడికి ఒంట్లో బాగోకపోతే వాడి కారులో ఎక్కుతాడు. ఎవరూ అడగరు, ఎవరూ థాంక్స్ చెప్పరు. నేనూ అలా ఎనిమిదిమందికి తోలిపెట్టాను. నేను కిటికీలోంచి బయటికి జారుతుంటే రాయిస్ తొక్కలు పారేసి కాళ్ళు ముందు పెట్టి లోపలికి దూరాడు, నా భుజం మీద చెయ్యేసి, “కాలు చల్లగా పెట్టుకో అన్నా” అన్నాడు, అంతే.

అప్పుడు మాది పందొమ్మిదో స్థానం. మనిషి మారేసరికి ఒక చుట్టు వెనకబడింది కూడా.

ఇంకో సంగతి చెప్పాలి, అది తెలియకపోతే నా బాధ అర్థం కాదు. మా ఆటలో పచ్చజెండా పడ్డప్పుడు కారులో ఎవడుంటే వాడిదే పేరు. తర్వాత ఎవడు ఎక్కినా, ఎన్ని చుట్లు తిరిగినా, చివర్న పుస్తకంలో రాసుకునేది మొదలుపెట్టినవాడి పేరే. అంటే ఇప్పుడు వాన ఆగకపోతే గెలిచినవాడు హోబర్ట్ స్ట్రౌడ్, వయసు యాభై ఒకటి, ఊరు ట్రిప్లెట్ హాలో, ట్రాక్టర్లు బాగుచేసుకుని బతికేవాడు, అంటే నేను. ఇప్పటికి నాలుగువందల ముప్పై ఎనిమిది రేసులు, ఒక్కటీ గెలవలేదు. డెబ్బై ఒకటిలో ఒకసారి మూడో చోటు వచ్చింది, అదీ ముందున్న ఇద్దరు గుద్దుకుంటే. రేసుకి ముందు మైకువాడు ఒక్కొక్కడి పేరూ చదువుతాడు, ఫలానావాడు పదకొండు గెలుపులు, ఫలానావాడు ముప్పై నాలుగు, నా దగ్గరకొచ్చేసరికి ‘మన పాతకాపు’ అంటాడు. మొదట్లో ముద్దుగా ఉండేది ఆ మాట. తర్వాత తెలిసింది, గెలుపు లేనివాడిని పిలవడానికి వాడికి ఇంకో మాట లేదు.

గ్యాలరీలో జనం కదలడం లేదు. ప్లాస్టిక్ సంచులు తలకి తగిలించుకుని, అన్నం డబ్బాల మీద వార్తాపత్రికలు కప్పుకుని అలాగే కూర్చున్నారు, కొండజనం, మొండివాళ్ళు. వాళ్ళకేం, వాళ్ళు వాన ఆగాలని మొక్కుకుంటున్నారు. అటు పక్కన రేకుల కప్పు కింద లెక్కలు రాసే ఆడవాళ్ళ మెట్లు. ప్రతి కారుకీ ఒక మనిషి అక్కడ కూర్చుని, ఆ కారు గీత దాటిన ప్రతిసారీ ఎదురుగా ఉన్న గడియారం చూసి కార్డు మీద టైం రాయాలి, మామూలుగా పెళ్ళాలే రాస్తారు. మా మేవిస్ మూడో మెట్టు మీద కూర్చుంది. రేసు ఆపే ఎర్రజెండా పడ్డా ఆ మెట్లు దిగకూడదు వాళ్ళు, కార్డు చేతిలోంచి వదలకూడదు. నేను ఎన్ని చుట్లు తిరిగానో నాకు తెలియదు గానీ దానికి తెలుసు, ఒక్కొక్కటీ పెన్సిలుతో రాసింది, జ్వరంలో రాసింది, కడుపుతో ఉండి రాసింది. ఒకసారి గుద్దుకుని కారు నిట్టనిలువుగా నిలబడితే, నేను బయటికొచ్చి చెయ్యి ఊపేదాకా ఆ ఖాళీ గడిలో పెన్సిలు ఆనించి పట్టుకుందట, కాగితానికి చిల్లు పడింది. ఇంటికెళ్ళాక దాని గురించి ఒక్క మాట అనలేదు, పక్కనున్నావిడ నాకు చెప్పింది. ఇప్పుడు ఇంత దూరంనుంచి దాని పసుపు స్కార్ఫు ఒక్కటే కనబడుతోంది. అది ఇటే చూస్తోందా, కారుకేసి చూస్తోందా తెలియడం లేదు. అది కూడా వాన ఆగకూడదనే అనుకుంటోందా. మొగుడు గెలిచాడన్న కార్డు మీద సంతకం పెట్టాలని ఉండదా ఎవరికైనా. ఉంటుంది. అడగను.

అసలు బాధ అది కాదు. పేరు ఉత్తినే వస్తుందని కాదు. ఉత్తినే వచ్చినవి నేను చాలా తీసుకున్నాను, వేరేవాళ్ళు పారేసిన టైర్లు తీసుకున్నాను, వేరేవాళ్ళు వాడి విప్పేసిన ఇంజనులు తీసుకున్నాను, సిగ్గేం లేదు. బాధ ఏంటంటే, ఇవాళ నేను మొదటిసారి నా కారుని బయటనుంచి విన్నాను. చూడటం కాదు, వినడం. ఇక్కడ కూర్చుంటే మూడో మలుపు కనబడదు, అడ్డంగా అంబులెన్సు షెడ్డు ఉంది, చప్పుడు మాత్రం వస్తుంది. మాకందరికీ ఆ చప్పుడు తెలుసు. తిన్నటి దారిలో ఇంజను గొంతు చించుకుంటుంది, మలుపు దగ్గర కాలు తీయగానే గొంతు దిగుతుంది, ఎక్కడ దిగిందో వింటే చాలు, లోపల ఎవడున్నాడో చెప్పేయచ్చు. మా కారుది నేను లోపల ఉంటే ఎక్కడ దిగుతుందో నాకు తెలుసు, గోడ మీద బిస్కెట్ కంపెనీ కుక్కబొమ్మ ఉంది, ఆ బొమ్మ తోక దగ్గర. ఇవాళ రాయిస్ ఎక్కిన నాలుగో చుట్టులో నేను బకెట్టులో కాలు పెట్టుకుంటూ విన్నాను, తోక దాటే క్షణం వచ్చింది, గొంతు దిగలేదు. బొమ్మ అంతా అయిపోయింది, దిగలేదు. ఇంకా రెండు కార్ల పొడవు పోయాక అప్పుడు దిగింది, దిగి మళ్ళీ వెంటనే లేచింది. గోడకి కొట్టాడనుకున్నాను. కొట్టలేదు. తర్వాతి చుట్టులో కూడా అక్కడే. ఆ తర్వాత కూడా. నూటతొంభై చుట్లు అక్కడే.

పందొమ్మిది పదహారైంది, పన్నెండైంది, పోయిన చుట్టు మళ్ళీ వచ్చింది, ఎనిమిది, ఐదు, మా కుర్రాళ్ళు గోడ ఎక్కి నిలబడి ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు గుద్దుకుంటున్నారు, నేను కూడా నవ్వుతూ చేతులు ఎత్తాను. అదే కారు. అవే టైర్లు. నేను పొద్దున కూర్చున్న సీటే, నా నడుముకి మడతపెట్టుకున్న దుప్పటి ముక్క కూడా తీయలేదు వాడు. ఇరవై రెండేళ్ళు నేను అందరితో ఒకటే చెప్పుకొచ్చాను, నాకూ ఒక మంచి కారు ఉంటేనా అని. పెళ్ళిళ్ళలో చెప్పాను, మంగలి షాపులో చెప్పాను, ట్రాక్టరు కింద పడుకుని నట్టు బిగిస్తూ రైతులకి చెప్పాను. డెబ్బై ఆరులో పెద్ద టీమువాళ్ళు పిలిచి మూడు రేసులకి వాళ్ళ కారిచ్చారు, వాళ్ళ డ్రైవరుకి చెయ్యి విరిగితే. పద్నాలుగు, పదిహేడు, మళ్ళీ పద్నాలుగు. వచ్చి ఏం చెప్పాను, ఆ కారు నాకు సరిపడలేదన్నాను, సీటు వాడి ఒంటికి కొట్టించింది అన్నాను. జనం నమ్మారు, నేనంటే ఇష్టం కాబట్టి. నేనూ నమ్మాను.

కాలు ఎందుకు ముందే తీస్తాను. తెలియకుండా ఏమీ లేదు, తెలుసు. గార్లండ్. మా పక్క ఊరివాడు, నాతో పాటే మట్టి ట్రాకుల మీద మొదలుపెట్టాడు, ఇద్దరం ఒకే జాకీ వాడుకునేవాళ్ళం, వారం వాడి దగ్గర, వారం నా దగ్గర. డెబ్బై నాలుగులో ఇదే ట్రాకు, ఇదే మూడో మలుపు, నా ముందే వెళ్తున్నాడు, గోడకి రాసుకుని తిరగబడ్డాడు, పెట్రోలు అంటుకుంది. నేను కారు ఆపి పరిగెత్తాను, కిటికీ దాకా వెళ్ళాను, వేడికి చేతులు ముందుకి పోలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరికీ తెలియందేంటంటే, వారం తిరక్కుండా నేను మళ్ళీ రేసులో ఉన్నాను, ధైర్యవంతుడన్నారు, పేపర్లో రాశారు, నేను మాత్రం ఆ మలుపుకి వచ్చినప్పుడు ఒక రవ్వ ముందు కాలు తీశాను. ఒక రవ్వే. మళ్ళీ వచ్చేవారం సరిగ్గా తీద్దామనుకున్నాను. అలా పదమూడేళ్ళు. ఒక్క మూడో మలుపే కాదు, అన్ని ఊళ్ళలో అన్ని మలుపులూ మూడో మలుపే అయిపోయాయి. కాలు ఎప్పుడు తియ్యాలో తల చెప్పదు, కాలే చెప్తుంది. నా కాలు అక్కడ ముసలిదైపోయింది, మిగతా ఒళ్ళు తర్వాత అయ్యింది.

కాబట్టి వాన ఆగకూడదు. ఎందుకో ఇప్పుడు అర్థమైందా. వాన మీద గెలిస్తే అది ఎవరి గెలుపూ కాదు, అదృష్టం అంటారు, పాతకాపుకి దేవుడిచ్చాడంటారు, రాయిస్ ఎక్కడ కాలు తీశాడో ఎవరూ మాట్లాడుకోరు. రేసు నడిచి, రాయిస్ గెలిస్తే, నా కారు గెలవగలిగే కారని రాష్ట్రమంతా తెలుస్తుంది.

ఓడెల్ వచ్చాడు. మేవిస్‌కి అన్న, నాకు బావ, మా కారు మేస్త్రీ, అరవై మూడేళ్ళు, పొట్ట ముందుగా వచ్చి మనిషి తర్వాత వస్తాడు. ఆ కారులో ప్రతి అతుకూ వాడు వేసిందే, వెల్డింగు చేసి చేసి చేతుల మీద వెంట్రుకలు లేవు. టార్పాలిన్ కిందికొచ్చి నా పక్కన కూర్చుంటే లారీ పలక ఒక అంగుళం కిందికి దిగింది. బకెట్టులోంచి సీసా తీశాడు, వాసన చూశాడు.

“కాలు కడుక్కున్న నీళ్ళలో పెట్టారేంటి బావా వీటిని,” అన్నాడు. “వద్దులే, దాహం లేదు.”

వానకి కాస్త ముందు మిగతావాళ్ళు టైర్లు మార్చడానికి లోపలికొచ్చినప్పుడు వీడు రాయిస్‌ని రావద్దన్నాడు, వాన వాసన కొట్టిందట, అలా చివరి రెండు స్థానాలూ కలిసొచ్చాయి. దాని గురించి కాసేపు గొప్పలు చెప్పుకున్నాడు. నా మడమ గురించి రెండు మాటలన్నాడు, వాళ్ళమ్మ పొయ్యి దగ్గర చెప్పుల్లేకుండా తిరిగేది, ఆమెకి ఇంతకన్నా గట్టి కాళ్ళుండేవన్నాడు. మామూలుగా అయితే నేనూ ఏదో ఒకటి తిరిగి అనేవాణ్ణి. అనలేదు. వాడు నాకేసి చూసి, కాగితం పొట్లం తీసి, తడి వేరుశనక్కాయలు రెండు నా ఒళ్ళో పెట్టాడు. నేను పొట్టు తీస్తూ, తలెత్తకుండా అడిగాను.

“నీకు ముందే తెలుసా బావా?”

“ఏది?”

“మూడో మలుపు.”

వాన చూస్తున్నాడు. తర్వాత అన్నాడు, “నాకు చెవుడు లేదు కదా.”

పదమూడేళ్ళు. ప్రతి ఆదివారం ఇలాగే గోడ దగ్గర నిలబడ్డాడు, ప్రతి చుట్టూ విన్నాడు, నేను దిగి వచ్చి కారులో దమ్ము లేదు బావా అంటే, సరే చూద్దాంలే అని సోమవారం పొద్దున్నే ఇంజను విప్పాడు. లేని జబ్బుకి మందు వెతికినట్టు. ఒక్కసారీ అనలేదు, కారులో కాదు నీలో లేదని. నేనైతే అనేవాణ్ణి. ఎవడైనా అనేవాడు. ఎందుకు చెప్పలేదు మరి అని అడిగాను.

“గార్లండ్ చనిపోయిన వారంలోనే మా చెల్లి షెడ్డుకొచ్చింది,” అన్నాడు ఓడెల్. “గుమ్మంలోనే నిలబడింది. మీరిద్దరూ మానరని నాకు తెలుసు, గెలిచినా గెలవకపోయినా నాకు పట్టదు, ఆయన్ని ఇంటికి తీసుకొచ్చే పూచీ నీది అంది. నువ్వు ముందు కాలు తీస్తున్నావని విన్నాను. హమ్మయ్య అనుకున్నాను. చెప్పి నేనెందుకు చెడగొట్టుకోవాలి?”

ఇద్దరూ కలిసి నన్ను పదమూడేళ్ళు బతికించారు, నాకు తెలియకుండా. కోపం వచ్చింది ముందు, కోపం ఎంతసేపు ఉంటుంది, ఒక చుట్టు తిరిగినంతసేపు కూడా లేదు. వాడి చేతులు చూశాను. అరవై మూడేళ్ళ మనిషి, ఆ చేతులతో గెలిచే కారు ఒకటి చేశాడు, ఒకటి కాదు, ఎన్నో చేసి ఉంటాడు, ఒక్కటి కూడా గెలవడం చూడలేదు, చెల్లెలికి మాటిచ్చాడు కాబట్టి నోరుమూసుకుని కూర్చున్నాడు. నా బతుకే వృథా అయిందని ఇందాకట్నుంచి ఏడుస్తున్నాను నేను. వాడిది ఏమైంది.

వాన సన్నబడింది. ముందు పరదా మీద చప్పుడు తగ్గింది, తర్వాత కొండవైపు తెల్లగా అయ్యింది, గ్యాలరీలో జనం సంచులు తీసి దులుపుకున్నారు. ఎక్కడో ఈల వేశారు. ట్రాకు ఆరబెట్టడానికి లారీలు, పాతకార్లు చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి, తడినేల ముందు మచ్చలుమచ్చలుగా ఆరింది, తర్వాత ఒక దారిలా. యాభై తొమ్మిది చుట్లు మిగిలాయి.

రాయిస్ వచ్చాడు, తల తుడుచుకుంటూ. ముప్పై ఎనిమిదేళ్ళు, పందొమ్మిది గెలుపులు, మనిషి మాత్రం మా ఇంటి వెనక గుమ్మంలోంచే వస్తాడు, మేవిస్ చేసిన బిస్కెట్లు అడక్కుండా తింటాడు. ఓడెల్ ఉన్నాడని చూసి కొంచెం తటపటాయించాడు, అయినా అడిగాడు. “ఎక్కుతావా అన్నా? నీ కారు, నీ ఇష్టం. నేనైతే ఏమీ అనుకోను.”

వాడికి తెలుసు. నేను నా కాలితో పాటు ఇంకేం కాల్చుకుంటున్నానో వాడికి తెలుసు, అందుకే అడిగాడు, లేకపోతే ముందున్న కారు ఎవడైనా వదులుకుంటాడా. ఇప్పుడు మనిషి మారితే ఆఖరి చోటునుంచి మొదలుపెట్టాలి, రూలు అది. అయినా ఎక్కితే నాది అవుతుంది. పదో పదకొండో ఏదొస్తే అది, నా కాలితో నేను తెచ్చుకున్నది, పుస్తకంలో నా పేరు పక్కన నేను చేసిందే ఉంటుంది. నాలుగువందల ముప్పై ఎనిమిది సార్లు అదే చేశాను, అబద్ధం ఒక్కటీ లేదు ఆ పుస్తకంలో. బకెట్టులోంచి కాలు తీశాను. బూటు తొడిగాను. నిలబడ్డాను, కళ్ళముందు మళ్ళీ తెల్లగా అయ్యింది, పంటి కింద వేరుశనగ గింజ నలిగింది. నిలబడగలిగాను. యాభై తొమ్మిది చుట్లంటే ఇరవై నిమిషాలు, ఇరవై నిమిషాలు ఏదైనా ఓర్చుకోవచ్చు.

“ఎక్కితే ఎక్కు బావా,” అన్నాడు ఓడెల్, కూర్చున్న చోటునుంచి కదలకుండా. “నేను వద్దనను. హెల్మెట్ అక్కడుంది.”

“ఎక్కకపోతే?”

వాడు పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ మడిచాడు. అన్నేళ్ళలో వాడు నన్ను ఏదీ అడగలేదు, అడగడం ఎలాగో వాడికి చేతకావడం లేదు.

“ఎక్కకపోతే,” అన్నాడు, “ఒక్కసారి దాన్ని చివరిదాకా చూస్తాను. నేను చేసింది ఏం చేస్తుందో.”

మళ్ళీ కూర్చున్నాను. బూటు ఊడదీయడం తొడగడం కన్నా కష్టమైంది, ఓడెలే ముందుకి వంగి లాగాడు, ఆ పొట్టతో వంగడం వాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. రాయిస్‌ని వెళ్ళమన్నాను. ఇంకేమైనా చెప్పాలా అని వాడు ఒక క్షణం నిలబడ్డాడు. మూడో మలుపులో ఇప్పుడు ఎక్కడ తీస్తున్నావో అక్కడే తియ్యి, నన్ను చూసి ముందు తియ్యకు అన్నాను. వాడు నవ్వలేదు. సరే అన్నా అని వెళ్ళిపోయాడు.

తర్వాత ఏం చెప్పను. పరదాలు లాగేశారు, ఇంజన్లు లేచాయి, ముప్పై ఇంజన్లు ఒక్కసారి లేస్తే నేల ఐసు బకెట్టులో నీళ్ళని వణికిస్తుంది, ఆ వణుకు నా కాలికి తెలుస్తోంది. ఎందుకో గానీ, మేఘం మళ్ళీ వస్తుందేమోనని కొండకేసి చూశాను, రాకూడదనుకున్నాను, గంటసేపు దేనికోసం మొక్కుకున్నానో దాన్నే వద్దనుకున్నాను. ఓడెల్ గోడ దగ్గరికి వెళ్ళలేదు, నా పక్కనే కూర్చున్నాడు, ఇద్దరం చూడలేదు, విన్నాం. కళ్ళు మూసుకున్నాను. తిన్నటి దారి, గొంతు లేచింది, తోక, బొమ్మ, ఒక కారు, రెండు కార్లు, దిగింది. నా కుడికాలు నీళ్ళలో దానంతట అదే కదులుతోంది, ప్రతి చుట్టులోనూ తోక దగ్గరే లేస్తోంది, దాన్ని బతిమాలాను, ఉండు ఉండు అని, నలభై చుట్లు బతిమాలాను. చివరి పది చుట్లలో ఎవడో ఎర్రకారువాడు వెనక అంటుకున్నాడని మావాళ్ళు అరుస్తున్నారు, రెండు చప్పుళ్ళు కలిసిపోయాయి, ఏది మాదో తెలియలేదు నాకు. ఓడెల్‌కి తెలిసింది. వాడు నా మోకాలు పట్టుకున్నాడు, పట్టుకుని వదల్లేదు, ఆ పట్టు వదులయ్యాకే నేను కళ్ళు తెరిచాను. జనం నిలబడి ఉన్నారు.

రాయిస్ ఒక చుట్టు మెల్లగా తిప్పి, గీత దగ్గర కారు ఆపి, ఇంజను ఆపకుండా కిటికీలోంచి బయటికొచ్చేశాడు. గెలిచినవాళ్ళు నిలబడే చోటు ఇంకో వంద గజాలు. హెల్మెట్ తీసి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఇక నాకు సంబంధం లేదన్నట్టు. జెండావాడు నాకేసి చెయ్యి ఊపుతున్నాడు, స్ట్రౌడ్, రా, ఎక్కి తీసుకురా అని. నేను వట్టికాలితో కుంటుకుంటూ వెళ్ళాను, ఓడెల్ నా వెనకే వచ్చాడు, ట్రాకు అప్పుడే ఆరి వెచ్చగా ఉంది, టైరు పొడి అరికాలికి అంటుకుంటోంది. కారు చుట్టూ ఆవిరి. తలుపు మీద నా పేరు ఉంది, ఓడెల్ చేత్తో రాసిందే, ప్రతి ఏడాదీ వాడే రంగు వేసి మళ్ళీ రాస్తాడు. కిటికీ మీద చెయ్యి పెట్టాను. కాలు లేవలేదు. వెనక్కి తిరిగి, నువ్వెక్కు బావా అన్నాను.

“నాకు లైసెన్సు లేదు,” అన్నాడు ఓడెల్.

“వంద గజాలకి ఎవడడుగుతాడు?”

“నా పొట్ట పట్టదు అందులో.”

“నువ్వు చేసిన కిటికీయే కదా.”

జెండావాడూ వచ్చాడు, ముగ్గురం తోశాం, రాయిస్ కాళ్ళు పట్టుకున్నాడు, గ్యాలరీ మొత్తం నవ్వింది, వాడు లోపల పడి స్టీరింగు పట్టుకున్నాక మాత్రం ఎవరూ నవ్వలేదు. నేను బయట కిటికీ అంచు మీద ఎక్కి కూర్చున్నాను, ఒక చెయ్యి కప్పు మీద, ఒక చెయ్యి లోపలి గొట్టం మీద, కాలిన కాలు గాల్లో. లెక్కల మెట్ల మీద పసుపు స్కార్ఫు తల వంచుకుని ఉంది, ఆఖరి గడి రాస్తోంది. ఓడెల్ మొదటి గేరు వేశాడు, కారు ఒక్కసారి ఎగిరిపడింది, వాడు లోపల ఏదో అన్నాడు, ఏడుస్తున్నాడో తిడుతున్నాడో వినబడలేదు, తర్వాత మెల్లగా, గుడ్ల బుట్ట తీసుకెళ్తున్నట్టు ముందుకి పోనిచ్చాడు. మైకువాడు నా పేరు చదివాడు, ఈసారి పాతకాపు అనలేదు. జనం చేతులు ఊపుతున్నారు, తిరిగి ఊపమని. ఊపలేకపోయాను. పడిపోకుండా రెండు చేతులతో కారుని పట్టుకుని ఉన్నాను.